స్కూలు ఫ్లెక్సుకి సరదా ఫాంటు వెతుకుతున్నారా, ముందు 'ఠ' చూడండి

స్కూలు పని ఏది వచ్చినా, అది అడ్మిషన్ల ఫ్లెక్సు కానివ్వండి, వార్షికోత్సవం స్టేజీ వెనక కట్టే బ్యానర్ కానివ్వండి, అంగన్‌వాడీ గోడ కానివ్వండి, అడిగేది మాత్రం ఒకటే మాట: "అక్షరాలు కాస్త పిల్లల టైపులో ఉండాలండి." బళ్ళు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి మే నెల సగం దాటిన దగ్గర్నుంచీ అమలాపురంలో కూర్చున్నా, పాలకొల్లులో కూర్చున్నా, భీమవరంలో కూర్చున్నా డిజైన్ షాపులో వినపడేది ఇదే. అడగడంతో ఊరుకోరు, ఫోన్లో ఓ ఇంగ్లీషు బొమ్మ తీసి చూపిస్తారు. బొద్దుగా, రంగురంగులుగా, ఒకటి పైకీ ఒకటి కిందకీ గెంతుతున్న అక్షరాలు. "ఇదే, తెలుగులో."

ఇక్కడే అసలు చిక్కు. ఇంగ్లీషులో సరదా తేవడం సులువు. అక్కడి అక్షరాల్లో నిలువు గీతలు, మూలలు ఎక్కువ, ఆ మూలల్ని కాస్త నున్నగా చేసి గీతని లావు చేస్తే చాలు, చిన్నపిల్లల వ్యవహారంలా కనపడిపోతుంది. ఫ్రెడోకా, చ్యూయీ లాంటి ఫాంట్లు చేసేది అంతే. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. గుండ్రంగా ఉన్నదాన్ని ఇంకా గుండ్రం చేస్తే కొత్తగా ఏమీ అనిపించదు, ఒట్టి లావే మిగులుతుంది. పోనీ పైకీ కిందకీ గెంతిద్దామా అంటే, ఇంగ్లీషు అక్షరంలా మనది ఒంటరి కాదు, పైన తలకట్టూ గుడీ, పక్కన కొమ్ము, కింద ఒత్తు, పెద్ద సంసారం. పై వరసలో ఒక అక్షరాన్ని కిందకి జరిపితే దాని ఒత్తు వెళ్ళి కింది వరసలో ఎవరిదో గుడి మీద కూర్చుంటుంది.

అందుకే తెలుగు సరదా ఫాంటు ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది అందం కాదు, ఠ. నవ్వకండి. మన ప్రభుత్వ బళ్ళ పేర్లు చూడండి: మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇందులో రెండు అక్షరాలకి కడుపులో చుక్క ఉంది, థ కీ ఠ కీ. ఆ చుక్క పోతే థ కాస్తా ధ అయిపోతుంది, ఠ కాస్తా ర అయిపోతుంది. అంటే ప్రాథమిక పాఠశాల అని కొట్టింది ప్రాధమిక పారశాల అని కనపడుతుంది. బాగా లావుగా ఉండే ఫాంట్లలో లోపలి ఖాళీ ఎలాగూ తక్కువ, ఆ చుక్క వెళ్ళి చుట్టూ ఉన్న గోడకి అతుక్కుపోతుంది, దగ్గర్నుంచి చూస్తే ఏదో మచ్చలా ఉంటుంది, రోడ్డు మీద నుంచి చూస్తే అదీ ఉండదు. మామూలుగానే సగం బోర్డుల మీద ప్రాధమిక అని తప్పు రాస్తున్నారు, ఇక సరిగ్గా కొట్టినదాన్ని కూడా ఫాంటు తప్పు చేసేస్తే ఎలా?

ఒకసారి ఓ హెడ్మాస్టారికి నమూనా చూపిస్తే ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, దగ్గరికి వచ్చి చూసి, "బాబూ, బాగుంది గానీ మా బడి పేరులో చుక్కలేవి?" అన్నారు. "ఉన్నాయండి మాస్టారూ, జూమ్ చేస్తే కనపడతాయి" అన్నాడు షాపులో కుర్రాడు. "రోడ్డు మీద వెళ్ళేవాడు జూమ్ చేస్తాడేంట్రా?" అన్నారాయన. ఫాంట్ల గురించి అంత చక్కటి మాట నేను ఇంకెక్కడా వినలేదు.

కాబట్టి ఫాంటు బాగుందో లేదో తేల్చుకోడానికి దాని పేరు పక్కన చూపించే 'అ ఆ ఇ ఈ' నమూనా ఏ మాత్రం పనికిరాదు. ఆ నాలుగూ ఏ ఫాంటులోనైనా ముద్దుగానే ఉంటాయి. మీ పనిలో వచ్చే మాటలే కొట్టి చూడండి. బడి పేరు, ఊరి పేరు, సందర్భం. ఆగస్టు 15 బ్యానర్ అయితే 'స్వాతంత్ర్య దినోత్సవం' అని కొట్టి చూడాల్సిందే, అందులో త కింద ర ఒత్తు, య ఒత్తు రెండూ రావాలి, చాలా ఫాంట్లు అక్కడే చేతులెత్తేస్తాయి, రెండు ఒత్తులూ ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, లేదా అందులో ఒకటి విడిగా పక్కకి వచ్చి నిలబడుతుంది. వార్షికోత్సవం, గురుపూజోత్సవం కూడా మంచి పరీక్షే. ఊళ్ళ విషయానికొస్తే మనవాళ్ళు ఫాంట్లని పరీక్షించడానికే పేర్లు పెట్టారా అనిపిస్తుంది. ద్రాక్షారామంలో మొదటి రెండక్షరాలకే ర ఒత్తు, ష ఒత్తు, రెండు దీర్ఘాలు. ముమ్మిడివరం మరీను. మ కి కుడి పక్కన ఎలాగూ ఓ తోక పైకి లేచి ఉంటుంది, దానికి కొమ్ము తగిలితే ఇంకో తోక, వెంటనే మ్మి, దానికి పైన గుడి, కింద ఒత్తు. లావు ఫాంటులో ఇవన్నీ కలిసి ఓ ముద్ద అయిపోతాయి. ముమ్మిడివరం చక్కగా చదవగలిగితే ఆ ఫాంటు ఏ ఊరికైనా పనికొస్తుందని నా లెక్క.

కొట్టాక స్క్రీన్ మీద పెద్దది చేసి చూడకండి. చిన్నది చేసి చూడండి. ఒక ఏ4 కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించి గది ఇవతలి మూలకి వచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఈ రోజుల్లో ఇంకో పరీక్ష కూడా కావాలి, ఎందుకంటే ఫ్లెక్సు కట్టకముందే దాని బొమ్మ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోతుంది, అందరూ మొదట చూసేది అక్కడే, అరచేతిలో సగం సైజులో.

ఇక ఫాంట్ల పేర్లు. ఉచితంగా దొరికేవాటిలో స్కూలు పనికి నేను ముందు తీసేది బలూ తమ్ముడు. ముంబైలో ఉండే ఎక్ టైప్ వాళ్ళు చేసింది, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. వాళ్ళు బలూ అన్న పేరుతో దేశంలో చాలా లిపులకి ఒక్కో రూపం చేసి ఒక్కోదానికి ఒక్కో చుట్టరికం తగిలించారు, తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ, బెంగాలీకి దా, మనకి తమ్ముడు. చివర్లు మెత్తగా, ఒళ్ళు బొద్దుగా ఉంటుంది గానీ అక్షరం ఆకారం చెడదు, పిల్లల టైపు అంటే మనవాళ్ళు మనసులో అనుకునేది దాదాపు ఇదే. మొదట ఒక్క లావులోనే వచ్చింది, తరవాత వచ్చిన బలూ తమ్ముడు 2లో మామూలు నుంచి ఎక్‌స్ట్రా బోల్డ్ దాకా ఐదు రకాలున్నాయి. చేయాల్సిందల్లా అందరిలా కళ్ళు మూసుకుని ఎక్‌స్ట్రా బోల్డ్ నొక్కకుండా ఉండడమే. చుక్కలున్న పేర్లకి ఒక మెట్టు దిగి బోల్డో సెమీ బోల్డో పెడితే లోపల గాలి ఆడుతుంది, సరదా ఏమీ తగ్గదు.

అదే సంస్థ చేసిన అనేక్ తెలుగు ఇంకో రకం. అందులో అసలు సుఖం ఏంటంటే లావుతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, పక్కన ఊరు, పక్కన మండలం, ఇదంతా ఒకే వరసలో రావాలని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు చూడండి, అప్పుడు అక్షరాల్ని మౌస్‌తో పట్టుకుని పక్కల నుంచి నొక్కేసే బదులు దీంట్లో సన్నటి వెడల్పు ఎంచుకోండి. నొక్కితే నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగానే ఉండిపోతాయి, తెలుగు అక్షరం కడుపు మాడినట్టు తయారవుతుంది. నాకు ఫ్లెక్సుల మీద కంపరం పుట్టించేది ఏదైనా ఉంటే ఆ నొక్కుడే.

సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు కూడా గూగుల్ ఫాంట్స్‌లోనే ఉన్నాయి. వాటిలో లక్కిరెడ్డి చేతిరాత తరహా, స్కూలు పిల్లల నాటకం పోస్టరుకి, డ్రాయింగు పోటీకి బాగుంటుంది, బడి పేరుకి మాత్రం నేను పెట్టను, పేరులో కాస్త నిలకడ ఉండాలి. రామభద్ర లావుగా గంభీరంగా ఉంటుంది, సరదా కాదు గానీ దూరం నుంచి కనపడుతుంది. ఎన్టీఆర్ అని ఒకటుంది, గీత ఒకే మందంతో గుండ్రంగా పోతుంది. ధూర్జటి, పెద్దన, తిమ్మన, మల్లన, తెనాలి రామకృష్ణ, ఇలా అష్టదిగ్గజాలని ఫాంట్ల మెనూలో వరసగా కూర్చోబెట్టారు. ఎల్‌కేజీ అడ్మిషన్ల ఫ్లెక్సు చేస్తూ "పెద్దన వద్దు, తిమ్మన చూపించు" అనుకుంటుంటే పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటారో ఏమో. చిన్న అక్షరాలకి, అంటే ఫీజులు, బస్సు రూట్లు, ఫోన్ నంబర్ల పైన రాసే వివరాలకి మండలి చాలు. ఆ చోట సరదా అక్కర్లేదు. అసలు ఒక ఫ్లెక్సు మీద సరదా ఫాంటు రెండు మూడు మాటలకి మించి ఉండకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం, అన్నీ గెంతుతుంటే ఏదీ గెంతినట్టు ఉండదు.

బాపు గారి సంగతి ఎత్తకపోతే మన వైపువాళ్ళు ఊరుకోరు. ఆయన 1933లో పుట్టింది నరసాపురంలోనే, ఆయన చేతిరాత ధోరణిలో వచ్చిన ఫాంట్లు తెలియని డిజైనర్ లేడు. తెలుగు అక్షరాన్ని ఆడించి కూడా చదవనివ్వడం ఎలాగో ఆయన రాత చూస్తే తెలుస్తుంది, ఒత్తులు ఒయ్యారంగా వంగుతాయి గానీ ఏ ఒత్తు ఏదో పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ స్కూలు పనికి నేను వాటిని వాడను. కారణం వాటిలో లోపం కాదు, మనం వాటిని పెళ్ళి శుభలేఖలకి ఎంతగా వాడేశామంటే ఇప్పుడు ఆ అక్షరాల్లో 'బాలల దినోత్సవం' అని కొట్టినా కింద వధువు, వరుడు అని ఉంటుందేమోనని కన్ను వెతుకుతుంది.

బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో రాసినట్టుండే ఫాంట్లంటే కూడా జనానికి మోజు. ఇంగ్లీషులో అవి బోలెడు. నల్లటి, ఆకుపచ్చటి బోర్డు బొమ్మ వెనకాల పెట్టి ముందు తెల్లగా రాస్తే స్కూలు అని వేరే చెప్పక్కర్లేదు, నిజమే. స్టేజీ బ్యాక్‌డ్రాప్ లాంటి పెద్ద సైజు ప్రింటుకి పెట్టుకోండి. వినైల్ స్టికర్ కటింగుకి మాత్రం పంపకండి. ఆ గరుకు అంచుల్లో వేల కొద్దీ చిన్న చిన్న పాయింట్లు ఉంటాయి, కటింగ్ మెషిన్ బ్లేడు వాటన్నిటి చుట్టూ తిరిగి తిరిగి స్టికర్‌ని తురిమేస్తుంది. స్టెన్సిల్ సంగతి ఇంకోటి. గోడ మీద స్ప్రే చేయడానికి అక్షరాల్ని కత్తిరిస్తే ఠ లోపలి గుండ్రం, దానిలోని చుక్క ఎక్కడా అతుక్కుని ఉండవు కాబట్టి లోపలి భాగం రాలిపోతుంది. చిన్న చిన్న వంతెనలు మనమే గీసి వదలాలి. అక్రిలిక్ అక్షరాలైతే చుక్కని విడిగా కోసి విడిగా అంటించాలి, బిగించేవాడికి ముందే చెప్పకపోతే చుక్క ప్యాకింగు కవరులోనే ఉండిపోతుంది.

"కామిక్ సాన్స్ పెట్టాను, తెలుగు అలాగే ఉంది, మారట్లేదేంటి?" అని ఓ టీచరమ్మ గారు అడిగారు. మారదండి. 1994లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే వించెంట్ కానరే, ఒక పిల్లల తరహా ప్రోగ్రాంలో బొమ్మ కుక్క టైమ్స్ న్యూ రోమన్ అక్షరాల్లో మాట్లాడుతుంటే చూడలేక ఆ ఫాంటు మొదలుపెట్టాడు, అందులో తెలుగు అక్షరాలు లేనే లేవు. లేని అక్షరం కొడితే కంప్యూటరు తనకి తెలిసిన ఇంకో తెలుగు ఫాంటు తెచ్చి అక్కడ పెడుతుంది. పైన పేరు కామిక్ సాన్స్ అనే ఉంటుంది, కింద కనిపించేది విండోస్‌లో ఉండే గౌతమి ఫాంటో నిర్మల ఫాంటో. అందుకని ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఉన్న పని అయితే, ఇప్పుడు దాదాపు అన్నీ అలాంటివే, రెండు లిపులూ ఒకే చేత్తో గీసిన ఫాంటు పట్టుకోవడం మేలు. బలూ తమ్ముడులో ఇంగ్లీషు కూడా ఉంది, తెలుగుతో సమంగా కూర్చుంటుంది. వేరు వేరు ఫాంట్లు కలిపితే మాత్రం రెండిటికీ ఒకే సైజు అంకె పెట్టి వదిలేయకండి, ఒకే అంకె పెట్టినా ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనపడుతుంది, కంటితో చూసి సరిచేయాల్సిందే.

అంగన్‌వాడీ గోడలకి, ఒకటో తరగతి గదికి వచ్చేసరికి మాత్రం నా మాట మారిపోతుంది. అక్కడ సరదా ఫాంటు వద్దు. రైల్వే స్టేషన్ బోర్డులా ఉండమని కాదు, పక్కన ఏనుగు బొమ్మ వేయండి, పడవ వేయండి, కొబ్బరిచెట్టు ఎక్కే ఉడతని వేయండి, రంగులు ఎన్నయినా పుయ్యండి. అక్షరం మాత్రం వాచకంలో ఉన్నట్టే ఉండాలి. ఆ పిల్లకి అది అలంకారం కాదు, నేర్చుకుంటున్న ఆకారం. మనకి పెద్దవాళ్ళకి తలకట్టు తీసేసినా, గుడిని చుక్కలా పెట్టినా ఊహించుకుని చదివేస్తాం. వాళ్ళకి ఊహించుకోడానికి ఇంకా ఏమీ లేదు కదా. ఇంగ్లీషు వైపు కూడా అంతే, ఆండికా అని ఎస్‌ఐఎల్ సంస్థ కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్ళ కోసమే చేసిన ఫాంటు ఒకటుంది, అందులో చిన్న 'ఏ' పిల్లలు కాపీ పుస్తకంలో రాసే రూపంలోనే ఉంటుంది, గది గోడకి అది బాగా నప్పుతుంది. ఇంకో సంగతి, మన నేలలో చెమ్మ ఎక్కువ, గోడ అడుగు భాగం వానాకాలం వెళ్ళేసరికి పొక్కిపోతుంది, అక్షరాల వరస మరీ కిందకి రాకుండా చూసుకోండి, పిల్లల కంటి ఎత్తులో ఉంటే చాలు.

ఫాంటు మంచిదే ఎంచుకుని చివర్లో చెడగొట్టే పని ఒకటుంది, ఔట్‌లైన్. ఫ్లెక్సు అంటే అక్షరం చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ నీలం అంచు, దాని వెనక నీడ ఉండాలి, లేకపోతే డబ్బులు ఇవ్వబుద్ధి కాదు జనానికి. సరే పెట్టండి, కానీ ఫ్లెక్సులు డిజైన్ చేసే కోరల్‌డ్రాలో ఔట్‌లైన్ సగం బయటికి, సగం లోపలికి వస్తుంది, ఆ లోపలి సగం ఠ చుక్కని తినేస్తుంది. ఔట్‌లైన్ పెన్ దగ్గర బిహైండ్ ఫిల్ అని ఉంటుంది, అది టిక్ పెడితే అంచు అక్షరం వెనక్కి పోతుంది. ఫోటోషాప్‌లో అయితే స్ట్రోక్ అవుట్‌సైడ్ పెట్టాలి. ఇంతే తేడా, కానీ కాలవ గట్టు రోడ్డు మీద బండి మీద పోయేవాడు బడి పేరు చదవగలడా లేదా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. వరసల మధ్య దూరం కూడా ఇంగ్లీషుకిచ్చినంత ఇస్తే సరిపోదు, ఒత్తులకీ కింది వరస గుళ్ళకీ చోటు కావాలి. తెలుపు మీద పసుపు అక్షరాలు వద్దని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే రోజూ చూస్తున్నాను. ఆకుపచ్చ కూడా ఆలోచించి పెట్టండి, కట్టేది కొబ్బరి తోట ముందు.

టైపింగ్ సంగతి కొంచెం. మన వైపు డీటీపీ పని ఎక్కువ భాగం ఇప్పటికీ యూనికోడ్ కాని పాత రకం అను ఫాంట్లలోనే నడుస్తోంది, వాటిలో రకాలు బోలెడు, చేతికి అలవాటైపోయాయి, పాత పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఒకేలా నడిచే తెలుగు, సరిగ్గా రాదు కూడా. కానీ టీచర్లు వాట్సాప్‌లో పంపే పేర్ల జాబితా యూనికోడ్. దాన్ని అలాగే తెచ్చి పాత ఫాంటు పెడితే రాదు, మార్చాలి లేదా మళ్ళీ కొట్టాలి. బహుమతుల సర్టిఫికెట్లలో పిల్లల పేర్లు తప్పులు పడేది ఎక్కువగా ఈ మళ్ళీ కొట్టడంలోనే. యూనికోడ్ ఫాంటు పెట్టుకుంటే మాస్టారు పంపింది పంపినట్టు అతికించొచ్చు, తప్పు పడితే అది ఆయనదే అవుతుంది, మనకి టెన్షన్ ఉండదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటుని తిట్టకండి, ప్రిఫరెన్సుల్లో టైప్ దగ్గరికి వెళ్ళి దక్షిణాసియా భాషలకి పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోండి, ఫైలు మూసి కొత్తది తెరిస్తే సరిపోతుంది.

లైసెన్సు ఎవరూ చూడరు గానీ చూడండి. ఎక్కడో దొరికిన ఫాంటు మీద వ్యక్తిగత వాడకానికి మాత్రమే ఉచితం అని ఉంటే డబ్బులు తీసుకుని చేసే ఫ్లెక్సుకి అది పనికిరాదు. గూగుల్ ఫాంట్స్‌లో పైన చెప్పిన తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు మీద ఉన్నాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫాంటుని విడిగా అమ్ముకోకూడదు, అంతే.

ఫైలు ప్రెస్‌కి పంపేటప్పుడు అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఒట్టి గీతల బొమ్మలుగా, మార్చి పంపండి, కోరల్‌లో కంట్రోల్ క్యూ, అప్పుడు వాళ్ళ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా ఫర్వాలేదు. కానీ మార్చని ఫైలు కూడా ఒకటి విడిగా దాచుకోండి. ఆగస్టు 15కి చేసిన బ్యానరే జనవరిలో మళ్ళీ అడుగుతారు, "అదేనండి, స్వాతంత్ర్య తీసేసి గణతంత్ర పెట్టండి, డబ్బులు మళ్ళీ ఏం తీసుకుంటారులెండి" అని.